మూడు వేళ్ల జాగా

ఆయన పోయాడని నాకు చెప్పడానికి ఎవరూ రాలేదు. పదకొండేళ్లు ఒకే గోడకు అటొకరు ఇటొకరుగా బతికిన మనుషులం. నల్లగొండలో ఉన్న చుట్టాలకు కబురు పోయింది, పింఛను తెచ్చే టపా మనిషికి పోయింది, గోడ ఇవతల ఉన్న నాకు రాలేదు. బారెడు పొద్దెక్కినా ఆయన కావడి గోడకే ఆనించి ఉండటం చూసి నేనే తెలుసుకున్నాను. ఆ వేళప్పుడు ఆ కావడి ఇంటి దగ్గర ఉండటం అంతకు ముందు ఏనాడూ లేదు.

ఇదంతా మనసులో పెట్టుకుని రాస్తున్నానని కొందరంటారు. పెట్టుకునే రాస్తున్నాను. మరిచిపోయి రాసేవాళ్లు వేరే ఉన్నారు.

ఆయన గిర్దావరు. పట్వారీల లెక్కలు తనిఖీ చేస్తూ, గొలుసు పట్టించి పొలాలు కొలిపించే నౌకరి. నిజాం సర్కారులో చేరి, కొత్త రాష్ట్రం వచ్చాక పింఛను పుచ్చుకున్నాడు. చివరి కొలువు ఆలంపూర్‌లో. అక్కడి నుంచి భార్యతో, ఒక ఇనుప పెట్టెతో, రెండు రాగి బిందెలతో మా ఊరు వచ్చాడు. మా ఊరు ఆమెకు పుట్టిన ఊరు. నల్లగొండ నుంచి బస్సులో గంటన్నర. వాళ్లకు పిల్లలు లేరు. ఆ మాట వాళ్లూ ఎత్తేవాళ్లు కాదు, మేమూ ఎత్తలేదు.

ఆయన చేతిలో ఎప్పుడూ ఒక వెదురు కర్ర ఉండేది. నడవడానికి కాదు, కొలవడానికి. దాని మీద చాకుతో గాట్లు పెట్టుకున్నాడు. వేలెడు, జానెడు, మూరెడు, గజం. కూర్చోబోయే ముందు అరుగు ఎత్తు కొలిచేవాడు. చెట్టు నాటేముందు సరే, నాటిన తర్వాత కూడా నెలకోసారి కొలిచేవాడు. ఎవరైనా గట్టు తగాదా తెచ్చి చెబుతుంటే సగంలోనే కర్ర పట్టుకుని లేచేవాడు. "కొలుస్తే అయిపాయె. కొట్లాటెందుకు?" అనేది ఆయన మాట. కొలిచిన తర్వాతే కొట్లాటలు మొదలవుతాయని ముప్పై ఏళ్ల నౌకరిలో ఆయనకు తెలియలేదంటే నేను నమ్మను.

వచ్చిన మూడో రోజే మా రెండిళ్ల మధ్య గోడ కొలిచాడు. నేను అరుగు మీద కూర్చుని ఎవరిదో అర్జీ రాస్తున్నాను. తహశీలు కచ్చేరి ముందు అర్జీలు రాయడం నా పని. మొదట ఉర్దూలో రాసేవాణ్ణి, తర్వాత తెలుగులో.

"తమ్మీ, గీ గోడ నువ్వు కట్టిందేనా?"

"మా నాయిన కట్టిండు సాబ్."

"మంచిగనే కట్టిండు. గని మా జాగలకు మూడు వేళ్లు వచ్చింది."

"అంటే పడగొట్టుమంటరా?"

"నేను గట్లన్ననా? వచ్చిందన్న. ఎరుకుండాలె గద."

అంతే. పడగొట్టమనలేదు, పరిహారం అడగలేదు. అడిగి ఉంటే బాగుండేది, నేనూ ఒక కాగితం తీసేవాణ్ణి. అడక్కుండా, ఎప్పుడు గోడ మాట వచ్చినా "మూడు వేళ్లు ఉండనియ్యి తమ్మీ" అనేవాడు, దానం చేసినట్టు. అందుకే ఆయన భార్యను వదినె అని పిలిచాను గాని ఆయన్ను అన్న అనలేదు. చివరిదాకా సాబ్ అనే అన్నాను.

ఆలంపూర్‌లో ఉన్నప్పుడు వదినె పొద్దునొకసారి, సాయంత్రం ఒకసారి తుంగభద్రకు దిగి నెత్తిన ఒకటి, చంకన ఒకటి బిందెలతో మెట్లెక్కేదట. మా ఊళ్లో ఊరబాయి రెండు వీధుల అవతల ఉంటుంది. అంత దూరం ఆమె నీళ్లు మోయకూడదని ఆయన పట్టుదల. "పింఛన్ తీసుకున్నంక నీ నెత్తి మీద బిందె ఉండద్దు" అని నౌకరిలో ఉన్నప్పుడే మాట ఇచ్చాడట. అందుకని పింఛనులో ఆయన పెట్టుకున్న మొదటి పని పెరట్లో బావి.

బావి వాళ్లది, బాధ మాది. తవ్విన మట్టి పోయడానికి వాళ్ల పెరడు చాలక మా పెరట్లో పోశారు. నాలుగు నెలలు. మా నాయిన పెట్టిన సీతాఫలం చెట్టు ఆ మట్టి కింద పోయింది. బండ తగిలినప్పుడు మందు పెట్టి పేల్చారు, మా ఇంటి మీద గూన పెంకులు పగిలాయి. "నీళ్లు పడ్డయంటే మీకూ అవే నీళ్లు తమ్మీ" అని ఆయన మాట ఇచ్చాడు కాబట్టి ఊరుకున్నాను. ఆ మాట నేను కాగితం మీద రాయించుకోలేదు. ఊరందరికీ కాగితాలు రాసిచ్చే నేను.

ఎనిమిది గజాల దగ్గర నీళ్లు పడ్డాయి. రాళ్లు కొట్టే మేస్త్రీ పైకొచ్చి తలగుడ్డ విప్పి ముఖం తుడుచుకున్నాడు.

"సాబ్, నీళ్లు పడ్డయి. ఇగ సాలు."

"పై నీళ్లు గవి. ఒక్క కరువుకు పోతయి. బండ కిందికి పోవాలె."

"పోతె పోదాం గని, గీ నీళ్లు తియ్యగున్నయి. రుచి చూడరాదు."

ఆయన రుచి చూడలేదు. తాడు వేసి కొలిచాడు. పద్నాలుగు గజాలు అయ్యేదాకా ఆపలేదు. చివరికి పడ్డ నీళ్లు అద్దంలా ఉన్నాయి, అడుగు కనిపించేది. వదినె గిరకకు పసుపు పూసి కుంకుమ పెట్టింది. మొదటి బిందె మా ఇంటికి పంపారు. ఆ మర్యాద చేశారు, ఒప్పుకుంటాను.

ఆ నీళ్లతో సబ్బు నురగ రాలేదు, పప్పు ఉడకలేదు. ఎంత కట్టె పెట్టినా కందిపప్పు గింజ గింజగానే ఉండేది. మా ఇంటామె గోడ మీదుగా ఆ సంగతి చెబితే వదినె నవ్వింది. "బాయి కొత్తది, పప్పు పాతది. జర అల్వాటు కానియ్యి" అన్నది. ఆ బావిని ఒక్క మాట అననిచ్చేది కాదు. ఊళ్లో మరెవరికీ లేని బావి, తన కోసం తవ్విన బావి.

మూడు నాలుగేళ్లలో ఆమె ఒళ్లు బిగుసుకుపోయింది. మొదట నడుము, తర్వాత మోకాళ్లు, తర్వాత మెడ. పక్కకు చూడాలంటే మనిషి మొత్తం తిరగాలి. పొద్దున ఎండ తగిలి ఒళ్లు కాగితే గాని మంచం దిగలేకపోయేది. ఆమె లేచి నడవగలిగితే చాలన్నదే ఇంక ఆయన ధ్యాస. ఊళ్లో అట్లాంటి ముసలివాళ్లు ఇంకా ఉన్నారు, ఆ మాటకొస్తే మా ఇంట్లో పిల్లలతో సహా మా అందరి పళ్ల మీదా గోధుమ రంగు చారలున్నాయి. మా ఊరి మనుషులు ఇంతేనని అనుకునేవాళ్లం.

ఆయన మాత్రం కర్ర తీశాడు. ఆమె మోచేతి ఎత్తు కొలిచి, నిలబడి వండుకునేట్టు నడుమెత్తు దిమ్మె కట్టించి దాని మీద పొయ్యి పెట్టించాడు. అప్పట్లో నిలబడి వంట చేసే ఇల్లు మా తాలూకాలో ఇంకొకటి లేదు. "సాబింట్ల పొయ్యి గూడ కుర్సీ ఎక్కింది" అని నవ్వుకున్నారు. ఆమె మోకాలు కొలిచి తలుపు పక్కన ఒక బండ వేయించాడు, కూర్చుంటే కాళ్లు వంచకుండా లేచేట్టు. మంచం నుంచి పొయ్యి దాకా గోడకు మేకులు కొట్టి తాడు కట్టాడు. ఆ మేకులు అవతల కొడితే మా గోడ ఇవతల మట్టి పెళ్లలు రాలేవి. అది గోడే కదా, కొంచెం చెప్పి కొట్టవచ్చు.

"మోచెయ్యి కొలిచిండు, మోకాలు కొలిచిండు" అనేది వదినె బండ మీద కూర్చుని. "రేపు సచ్చిపోతె పాడె గూడ రెండుసార్లు కొలిచినంకనే లేపుతడు."

"తక్కువ పడితె కాళ్లు బయటికొస్తయి మరి" అనేవాడు ఆయన, బెండ చెట్లకు పాదు చేస్తూ.

పింఛనులో వాళ్ల రెండో పని నందికొండ ప్రాజెక్టు చూడటం. కృష్ణకు అడ్డంగా రాతి కట్ట లేస్తున్న రోజులు. ఊళ్లో అందరూ మనకూ కాలువ వస్తుందని ఆశపడేవాళ్లు. ఆయన ఒక్కడే రాదనేవాడు. "మనం ఎత్తు మీద ఉన్నం. నీళ్లు కిందికి పోతయి గని మీదికొస్తయా? కొలిచినోన్ని చెప్తున్న." ఆ మాట అన్నందుకు కొందరు ఆయనతో మాట్లాడటం మానేశారు. అయినా ఆమెను తీసుకుని పోయాడు. ఆమె బస్సు దిగలేకపోయింది. కిటికీలోంచే చూసింది. ఎట్లా ఉందని అడిగితే, "శాన పెద్దగున్నది. మీ సాబ్ దిగి కొల్వనీకి పోతె పోలీసాయన ఆపిండు" అన్నది.

ఆ ప్రయాణం తర్వాత ఆయన ఆమెను నల్లగొండ దవాఖానకు తీసుకుపోయాడు. డాక్టరు చూస్తున్నంతసేపు ఆమెను లోపల ఉంచి, చెప్పేటప్పుడు ఆయన్ను బయటికి పిలిచాడట. ఇది తర్వాత తెలిసిన సంగతి. అప్పుడు నాకు తెలిసింది ఒక్కటే. మర్నాడు వడ్రంగి వచ్చాడు. బావికి చెక్క మూత పడింది, మూతకు తాళం పడింది.

"ఇదేంది సాబ్?"

"బాయి మరమ్మతుకున్నది తమ్మీ."

"ఎన్ని రోజులు?"

"చూడాలె."

మూడేళ్లు చూశాడు. మా ఇంటామె మళ్లీ ఊరబాయి దారి పట్టింది. లేదా పట్టిందని నేను అనుకున్నాను.

అదే వారం ఆయన భుజానికి కావడి వచ్చింది. ఇంకా చీకటి ఉండగానే రెండు రాగి బిందెలు కట్టుకుని ఒకటిన్నర మైలు దూరంలో ఉన్న వాగుకు పోయి, ఇసుకలో చెలిమె తోడి, ఆ నీళ్లు తెచ్చేవాడు. అరవై దాటిన మనిషి. దారిలో ఎదురైతే అడిగాను.

"డాక్టర్ నడువుమన్నడు. ఊకె నడుస్తె సిగ్గుగుంటది. భుజానికి ఏదన్న ఉండాలె."

"మరి ఆ నీళ్లు?"

"చెట్లకు. వాగు నీళ్లంటె బెండకు పాణం."

వాగు నుంచి వచ్చాక బావి మూత తాళం తీసేవాడు. గిరక కిర్రుమని నాలుగు చేదలు పైకి వచ్చేవి. నేను మంచంలో పడుకుని ఆ చప్పుడు లెక్కపెట్టేవాణ్ణి. వాగు నీళ్లు చెట్లకు, బావి నీళ్లు వాళ్లకు, తాళం మాకు. మా పెరట్లో మట్టి దిబ్బ అట్లాగే ఉంది, సీతాఫలం చెట్టు దాని కిందే ఉంది. మూడేళ్లు ప్రతి పొద్దూ ఆ గిరక నా చెవిలో తిరిగింది.

పంచాయతీ సమితికి అర్జీ రాశాను. నా జీవితంలో నా కోసం రాసుకున్న ఒకే ఒక్క అర్జీ అది. మట్టి, చెట్టు, పెంకులు, ఇచ్చిన మాట, మరమ్మతు అనే అబద్ధం, గిరక చప్పుడు, అన్నీ వరుసగా రాశాను. "ముసలోళ్ల జోలికి పోకురాదు" అన్నది మా ఇంటామె. రెండుసార్లు అన్నది. ఆమె అంతగా ఎందుకు బతిమాలుతోందో నాకు అర్థం కాలేదు.

సమితి ఓవర్సీరు వచ్చాడు. చిన్న వయసువాడు, సైకిలు మీద వచ్చి చెమటలు కక్కుతున్నాడు. వాళ్ల పెరట్లో అందరం నిలబడ్డాం. వదినె తన ఎత్తు పొయ్యి దగ్గర పప్పు ఎనుపుతోంది, తలుపు తీసే ఉంది.

"మరమ్మతు ఏమున్నది పెద్దాయనా? గిరక మంచిగనే ఉన్నది" అన్నాడు ఓవర్సీరు.

"లోపట ఉన్నది."

"మూడేండ్ల సంది గిదే మాట సారు" అన్నాను నేను. "రోజు పొద్దుగాల గిరక చప్పుడు ఇంటున్న. తోడుకుంటనే ఉన్నడు."

"ఒక చేద తోడుండ్రి, చూద్దాం."

ఆయన తాళం తీసి తోడాడు. ఓవర్సీరు దాహం మీద ఉన్నాడు, చెంబు ముంచి నోటి దగ్గర పెట్టుకున్నాడు. ఆయన కర్ర ఆ చెంబుకు అడ్డం వచ్చింది.

"తాగకు సారు."

"ఎందుకు?"

ఆయన పొయ్యి వైపు చూశాడు. వదినె మనిషి మొత్తం తిరిగి మమ్మల్ని చూస్తోంది. ఇక దాచే దారి లేదు. దారి మూసింది నేనే.

"గీ నీళ్లే ఆమె నడుం పట్టినయి" అన్నాడు మెల్లగా. "దవాఖానల డాక్టర్ పండ్లు చూసి, మోకాళ్లు చూసి చెప్పిండు. బండల కింద ఎంత లోతుకు పోతె అంత చెడ్డయట. ఎనిమిది గజాల కాడ ఆగుమంటె నేను ఆగలె. కొలిచి మరీ తవ్విచ్చిన."

"మరి మీరు తాగేది?" అన్నాడు ఓవర్సీరు.

"వాగు నీళ్లు. ఆమెకు మాత్రం బాయి నీళ్లని చెప్తున్న. ఆమె ఇనాలెనని గిరక తిప్పుతున్న. తోడినయి చెట్లకు పోస్తున్న."

వదినె పప్పుగుత్తి పక్కన పెట్టింది. తాడు పట్టుకుని తలుపు దాకా వచ్చింది.

"పప్పు ఉడికిన నాడే నాకెరుకైంది" అన్నది.

"ఏం ఎరుక?" అన్నాడు ఆయన.

"మన బాయి నీళ్లకు పప్పు ఏనాడన్న ఉడికిందా? ఇయ్యాల మూత పెట్టిస్తివి, తెల్లారి పప్పు వెన్నోలె అయింది. పొయ్యి కాడ నిలవడేది నేను. నువ్వు కాదు."

"మరి చెప్పకపోతివి?"

"నువ్వు చెప్పినవా? ఆ బాయిని చూస్కుంట మురుస్తున్నవు, మురువనీ అని ఊకున్న. ఇగనన్న ఆ గిరక తిప్పుడు బంద్ చెయ్యి. పొద్దుగాల నా నిద్ర పోతాంది."

ముందు నవ్వింది ఓవర్సీరు. తర్వాత ఆయన. నేను నవ్వలేదు. మూడేళ్లుగా ఆ ఇద్దరికీ తెలుసు. ఒకరికి తెలిసినట్టు ఒకరికి తెలియదు, అంతే. ఏమీ తెలియనివాణ్ణి గోడ ఇవతల నేనొక్కణ్ణే.

ఓవర్సీరు నా అర్జీ మీదే రాశాడు. "బావి మరమ్మతులో ఉన్నది. ఫిర్యాదులో పస లేదు." ఆ కాగితం నా దగ్గరే ఉంది.

అందరూ పోయాక అడిగాను. "నాతోని ఒక్క మాట చెప్తె అయిపోతుండె గద సాబ్."

"నీతోని చెప్తె కాయితమైతది తమ్మీ. కాయితమైతె ఆమెకు ఎరుకైతది."

"ఆమెకు ఎరుకనే ఉండె."

"గది నాకెరుక లేకుండె."

నా అర్జీ మెచ్చుకున్నాడు, అక్షరాలు గుండ్రంగా ఉన్నాయని. తర్వాత, "మీ ఇంట్ల పప్పు ఎట్లుడుకుతాంది?" అని అడిగాడు.

"మంచిగనే."

"అయితె ఫికర్ లేదు."

ఓడిపోయినవాణ్ణి ఎగతాళి చేస్తున్నాడనుకున్నాను. అది కూడా గుర్తు పెట్టుకున్నాను.

గిరక ఆగిపోయింది, కావడి ఆగలేదు. వదినె నడుము మళ్లీ మామూలు కాలేదు గాని అంతకు మించి బిగుసుకోలేదు. బండ దాకా నడిచేది, బండ మీద నుంచి లేచేది. ఆయన ప్రతి అమావాస్యకు మంచం నుంచి బండ దాకా ఆమె అడుగులు లెక్కపెట్టేవాడు. తగ్గలేదని చూసుకుని కర్ర మూలకు పెట్టేవాడు. ఇంకో మూడేళ్లు అట్లా గడిచాయి.

ఆయన నిద్రలోనే పోయాడు. కర్మకాండలకు వచ్చిన ఆమె చెల్లెలి కూతురు తోడుగా ఉండిపోయింది. పట్నం పిల్ల. చెలిమె తోడటం రాదు, కావడి ఎత్తడం రాదు.

ఆయన పోయిన మూడో నాటి పొద్దున మా ఇంటామె ఖాళీ బిందెతో గోడ దగ్గర నిలబడి ఉంది.

"ఊరబాయికి పోతలేవా?" అన్నాను.

"ఆరేండ్ల సంది ఏనాడు పోయిన?"

అప్పుడు చెప్పింది. మూత పడిన మర్నాడే ఆయన గోడ మీదుగా ఒక బిందె అందించాడట. "పిల్లలకు గీ నీళ్లు పట్టు బిడ్డా. ఎందుకని అడుగకు, తమ్మికి చెప్పకు" అన్నాడట. ప్రతి పొద్దూ ఒక బిందె. నేను మంచంలో పడుకుని గిరక చప్పుడు లెక్కపెట్టే వేళకు ఆ బిందె మా వంటింట్లోకి వచ్చేసేది. ఆ నీళ్లు తాగి నేను ఆ అర్జీ రాశాను. ఆ నీళ్లతో ఉడికిన పప్పు తిని కచ్చేరికి పోయి ఇచ్చి వచ్చాను. కావడికి రెండు బిందెలుంటాయి, ఇద్దరు ముసలివాళ్లకు తాగడానికి, వండుకోవడానికి ఒక బిందె చాలు. ఊరందరి తగాదాల్లో తప్పులు పట్టే నేను ఆ రెండో బిందె ఎవరిదని ఏనాడూ అడగలేదు.

"నాకెందుకు చెప్పలె?"

"చెప్తె తాగుతుంటివా?"

తాగేవాణ్ణి కాదు. ఆ మాట ఆమెకూ తెలుసు, ఆయనకూ తెలుసు.

నాలుగో నాడు చీకటితోనే లేచి కావడి ఎత్తుకున్నాను. ఒకటిన్నర మైలు అనడం తేలిక. వచ్చేటప్పుడు మూడుచోట్ల దించాను. ఒక బిందె గోడ మీదుగా మా ఇంట్లో ఇచ్చి, రెండోది తీసుకుపోయి వాళ్ల గంగాళంలో పోశాను. వదినె బండ మీద కూర్చుని ఎండకు ఒళ్లు కాచుకుంటోంది. మనిషి మొత్తం తిరిగి నన్ను చూసింది. వస్తానని నేను ముందుగా చెప్పలేదు, ఎందుకొచ్చావని ఆమె అడగలేదు.

"కావడి బద్ద నాకు పొడుగైతాంది వదినె" అన్నాను. "భుజం మీద నిలుస్తలేదు."

"ఆయన కొల్తకు చేయించుకున్నది గది. ఎంత పొడుగైతాంది?"

చూశాను. "మూడు వేళ్లు."

"మూడు వేళ్లేనా? మీ గోడ కింద ఉన్నయి గద మావి. లెక్కకు లెక్క సరిపాయె."

బద్ద కోయించుకుందామని ఆ వారం వడ్రంగి ఇంటి దాకా పోయాను. పోయి, గడప దగ్గరి నుంచే తిరిగి వచ్చాను. ఆ మూడు వేళ్లు ఉండనిచ్చాను.